పెట్టె చెప్పిన పొగ

మహర్నవమి నాడు పొద్దున్న జానకిరామ్ పెట్టుకున్న పనులు మూడే. కారు కడగడం, కారుకి పూజ చెయ్యడం, పులిహోర తినడం. కారు సగం కడిగి ఉండగానే ఫోన్ మోగింది. మిగతా రెండు పనులు ఆ రోజుకి మరి కాలేదు.

జానకిరామ్ చెడ్డవాడు కాదు. ఈ మాట ఇప్పుడే అనేసుకోవడం మంచిది, పోనుపోను అనబుద్ధి కాదు. రాజమండ్రిలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఆరేళ్ళుగా ఒక్క పని మీదే కూర్చున్నాడు. ఎండా వానా ఎలా ఉంటాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళు లోకంలో చాలానే ఉన్నాయి. గాలిలో పొగ, దుమ్ము, రసాయనాలు ఎటు పోతాయో, ఒకదానితో ఒకటి కలిసి ఏమవుతాయో లెక్కగట్టే మోడళ్ళూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ రెండూ వేరుకుంపట్లు పెట్టుకుని బతికాయి. ఇతను ఆ రెంటినీ ఒకే కుంపటి దగ్గరికి తెచ్చాడు. గాలి పొగని మోసుకుపోతుందన్నది నిజమే గాని, పొగ మాత్రం ఊరికే మోయించుకుంటుందా? ఎండని ఆపుతుంది, నేలని చల్లబరుస్తుంది, గాలి జోరు తగ్గిస్తుంది, మబ్బు కట్టాలో వద్దో తేలుస్తుంది. అందుకని రెండూ కలిపి లెక్కవెయ్యాలంటాడు. సెమినార్లలో ఈ సంగతి గంటలకొద్దీ చెప్పేవాడు. చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు.

ఆ మనిషి బుల్లెమ్మ. మొగల్తూరు అవతల, సముద్రపు ఒడ్డున ఇల్లు. మొగుడు బంగార్రాజు పడవ మీద వేటకి వెళ్తే, ఆవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఏముందో కొలిచే పెట్టె ఒకటి ఆ తీరాన పెట్టాల్సి వచ్చింది. చుట్టూ అడ్డులేని డాబా బుల్లెమ్మది ఒక్కటే. శ్రావణంలో వెళ్ళి అడిగితే, "పెట్టుకోండి బాబూ, కాకులు తప్ప ఎవరున్నారక్కడ" అంది. పెట్టె బిగిస్తున్నంతసేపూ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఇదేం చేస్తుందండీ?"

"గాలి పీలుస్తుందండి."

"పీల్చి ఏం చేస్తుందండీ?"

"అది చెప్పాలంటే రోజంతా పడుతుందిలెండి బుల్లెమ్మగారూ."

"ఆయ్" అని ఊరుకుంది పాపం. మరో రెండుసార్లు పెట్టె చూడ్డానికి వెళ్ళినప్పుడూ అదే అడిగింది, అదే జవాబు తీసుకుంది.

అయినా ఆ పెట్టెని నమ్మింది. తనతో కలిపి ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు అరవై మందినీ సంస్థ పెట్టిన ఫోన్ గ్రూపులో చేర్పించింది ఆవిడే. "పెట్టె మా డాబా మీదే ఉంది. అబద్ధమాడదు. నా మాట మీద చేరండి" అని ఇల్లిల్లూ తిరిగింది. రోజూ పొద్దున్న ఏడున్నరకి గ్రూపులో కబురు వచ్చేది. ఎండ ఎంత, గాలి ఎంత, వాన ఉందా లేదా, చేపలు పరవచ్చా పరవకూడదా. రెండు నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. వేలెడంత చేపలు, ఈ నెత్తళ్ళు, ఎండాలంటే మూడు ఎండలు కావాలి. సగం ఎండినవాటిని తడవనిచ్చినా, కుప్ప పోసి మూసిపెట్టినా ఇక పారబొయ్యడమే. సప్తమికి ముందు మూడు వారాలు వేట లేక ఒడ్డంతా బోసిపోయింది. సప్తమి నాడు పడవలు నిండుగా వచ్చాయి. అష్టమి నాడు ఒక ఎండ తగిలింది. మరో రెండు ఎండలు కాస్తే అరవై ఇళ్ళు తెరిపిన పడతాయి.

మామూలుగా కబురు పంపేముందు జానకిరామ్ ఒకసారి చూసుకునేవాడు. పండగ కదా అని, ముందురోజు మొదటిసారిగా ఆ పని కంప్యూటర్‌కే అప్పజెప్పాడు. నువ్వే లెక్కవేసుకో, నువ్వే పంపేసుకో అన్నాడన్నమాట. అది పంపేసింది.

ఫోన్ చేసింది సంస్థ డైరెక్టర్ ప్రసన్నకుమార్ గారు.

"ఏవయ్యా జానకిరామ్, మొగల్తూరులో ఏంటా పొగ?"

"పొగేంటి సార్?"

"నన్నడుగుతావేంటయ్యా? కబురు పంపింది నువ్వు కదా! ఫైర్ ఆఫీసు వాళ్ళు నాకు ఫోన్ మీద ఫోను. బూడిద గుమ్మడికాయ చేత్తో పట్టుకుని పావుగంట నుంచీ నిలబడ్డాను, దిష్టి తియ్యడానికి లేదు, దింపడానికి లేదు."

జానకిరామ్ తడిచేత్తోనే గ్రూపు తెరిచాడు. ఏడున్నర కబురు ఇలా ఉంది. 'మొగల్తూరు తీరమంతా దట్టమైన పొగ. ఈ రోజు ఎండ రాదు. చేపలు పరవకండి. ఆయాసం ఉన్నవారు ఇల్లు కదలకండి.' పరుగున లోపలికి వెళ్ళి కంప్యూటర్ చూశాడు. బుల్లెమ్మ డాబా మీది పెట్టె, పొగ అంకె రోజూ నలభై దాటి చూపించనిది, పొద్దున్న అయిదున్నరకి పద్దెనిమిది వందలు చూపించింది. మోడల్ దాన్ని నమ్మింది. నమ్మి, పొగని సముద్రపు గాలి మీద నరసాపురం దాకా పరిచింది. ఆ పొగతో ఎండని కప్పేసింది. నేలని నాలుగు డిగ్రీలు చల్లబరిచింది. చివరికి ఆ సముద్రపు గాలినే ఆపేసింది.

ఇలాంటప్పుడు ముందు పెట్టెని అనుమానించాలి. క్లాసులో పిల్లలకి ఈ ముక్క చెప్పేది ఇతనే. కానీ ఆరేళ్ళుగా కాగితాల మీద రాసుకున్నదంతా తెర మీద కళ్ళెదుట జరుగుతోంది. గాలి పొగని లాగడం, పొగ తిరిగి గాలిని పట్టుకోవడం! మురిసిపోయాడు మహానుభావుడు.

"సార్, నిప్పు లేనిదే పొగ రాదు కదండీ. మోడల్ పొగ ఉందంటే ఉన్నట్టే."

"రాసిస్తావా?"

"రాసిస్తానండి."

రాసిచ్చి, సగం కడిగిన కారు ఎక్కాడు. భార్య సత్యవాణి పులిహోర డబ్బాలో సర్దుకుని పక్కన కూర్చుంది. చక్రాల కింద పెట్టాల్సిన నిమ్మకాయలు ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి.

వంతెన దాటి కొవ్వూరులో దిగుతూండగా, "ఏవండీ, ఆ బుల్లెమ్మగారికి ఓసారి ఫోన్ చేసి అడగచ్చు కదా?" అంది.

"ఆవిడకేం తెలుస్తుంది సత్యా? ఇది మైక్రోగ్రాముల లెక్క."

"పొగ కళ్ళకి కనపడుతుంది కదండీ, దానికి గ్రాములెందుకు?"

తణుకులో మళ్ళీ అడిగింది. పాలకొల్లులో మళ్ళీ అడిగింది. పాలకొల్లులో ఆయనగారు జవాబు కూడా చెప్పలేదు. ఆ ఒక్క ఫోన్ చేసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మనం కూడా హాయిగా మన పనులు చూసుకునేవాళ్ళం.

నరసాపురం చేరేసరికి పొగ చాలా పెద్దదైపోయింది. ఆకాశంలో కాదు, నోళ్ళలో. పొగ ఉంటే ఏదో కాలుతూ ఉండాలని ఒకరన్నారు. కాలుతున్నదేదో కనపడట్లేదు కాబట్టి గ్యాసే అని ఇంకొకరు తేల్చారు. కనపడని గ్యాసైతే మరీ ప్రమాదమని అందరూ ఒప్పుకున్నారు. రేవు దగ్గర గోదావరి దాటించే పంటు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఇవతలి వాళ్ళు గ్యాసుకి భయపడి అవతలి ఒడ్డుకి దాటుతున్నారు. అవతలి వాళ్ళు ఇక్కడి చుట్టాలకి ఏమైందోనని ఇవతలికి వస్తున్నారు. నడి గోదావరిలో ఎదురుపడి ఒకరినొకరు కేకలేసుకుంటున్నారట. పైన ఎండ మాడు పగిలేలా కాస్తోంది.

"ఎండ రాదన్నారు కదండీ?" అంది సత్యవాణి, కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ.

"ఇక్కడ రాదనలేదు" అన్నాడు జానకిరామ్. గొంతులో మునుపటి జోరు లేదు.

పదకొండు గంటలకి బుల్లెమ్మ ఇంటి ముందు కారు ఆగింది. వీధిలో ఫైరింజన్ నిలబడి ఉంది. అరుగు మీద ఫైర్ వాళ్ళు నలుగురూ వరసగా కూర్చుని ఆకుల్లో పులిహోర తింటున్నారు. పొద్దుట్నుంచీ ఊరంతా పొగ వెతికి వెతికి అలిసిపోయారు పాపం. జానకిరామ్ ఎవరినీ పలకరించకుండా మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తాడు.

పెట్టె ఉంది. దానికి మూడు చోట్ల పసుపూ కుంకుమా ఉన్నాయి. మెడలో బంతిపూల దండ ఉంది. పైన తెల్లటి లేసు తొడుగు ఉంది, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. గాలి పీల్చుకునే మూతికి సరిగ్గా కింద, మట్టి మూకుడులో కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి ఇంకా సన్నగా రాజుకుంటోంది.

వెనకే బుల్లెమ్మ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చేరా బాబూ! మీరొస్తారని తెలిస్తే కొబ్బరికాయ మీ చేతే కొట్టించేదాన్ని. వలలకి చేసేం, పడవకి చేసేం, కత్తిపీటకి చేసేం. మరి ఇంతమందికి అన్నం పెడుతున్న పెట్టె, దానికి చెయ్యకపోతే బాగోదు కదండీ! పీల్చేదే కదాని, తెల్లారగట్ల నుంచీ ఆరనివ్వకుండా సాంబ్రాణి రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేసేను. తొడుగు నేనే అల్లేను, చిల్లులుంటాయి కాబట్టి ఊపిరాడుద్ది."

ఏ సంబరంతో చేసిందో చూడవలసింది జానకిరామ్. చూడలేదు. నాలుగు ఊళ్ళ జనం పంటు ఎక్కడమూ, తను రాసిచ్చిన కాగితమూ, అరుగు మీద ఫైర్ వాళ్ళూ అతని కళ్ళ ముందు తిరిగారు.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని? బుద్ధుందా అసలు? ఆరేళ్ళ కష్టమండీ ఇది! మూకుడు పెట్టుకోడానికి మీ పొయ్యి అనుకున్నారా?"

కింద వీధిలో గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వినపడింది. బుల్లెమ్మ మొహం చిన్నబోయింది. "తప్పైపోయిందండి బాబూ" అని, ఉత్త చేతుల్తో ఆ వేడి మూకుడు ఎత్తుకుని కిందికి దిగిపోయింది. ఆవిడ చేతులు కాలాయేమోనన్న సంగతి జానకిరామ్‌కి మర్నాడు గాని తట్టలేదు.

కింద ఇంకో గొడవ ఉంది. పొద్దున్న కబురు రాగానే బుల్లెమ్మే ఒడ్డుకి వెళ్ళి అందరి చేతా చేపలు ఎత్తించింది. నెత్తి మీద ఎండ చుర్రుమంటూంటే కొందరు గొణిగారట. "పెట్టె చెప్పిందంటే పొగ వచ్చి తీరుద్ది. ఇంకా రాలేదు, అంతే" అని నోళ్ళు మూయించిందట. ఆ పొగ తన మూకుడులోదని ఆ తల్లికేం తెలుసు? ఇప్పుడు అరవై గంపల్లో సగమెండిన నెత్తళ్ళు ఉక్కిరిబిక్కిరవుతున్నాయి. పక్కింటి వీరదుర్గ గంప దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పరవమంటారా వద్దంటారా? తేల్చి చెప్పండి బాబూ. మధ్యాన్నం దాకా గంపలో ఉంటే ఇవి మా ఇంట్లో పిల్లి కూడా ముట్టదు."

జానకిరామ్ సాంబ్రాణి అంకె తీసేసి, లాప్‌టాప్ మీంచే ఆఫీసు కంప్యూటర్‌కి లెక్క మళ్ళీ మొదలెట్టించాడు. తేలడానికి రెండు గంటలు పడుతుంది. ఈలోపు ప్రసన్నకుమార్ గారు ఫోన్‌లో ఉరిమారు.

"సవరణ పంపవయ్యా ముందు! పొగ లేదని పంపు! కలెక్టరాఫీసు దాకా వెళ్ళింది వ్యవహారం!"

"లెక్క తేలాలండి, రెండు గంటలు..."

"ఎండ కాస్తోందా లేదా?"

"కాస్తోందండి."

"మరింక లెక్కేంటయ్యా!"

ఆకాశం చూసి వాతావరణం చెప్పకూడదని ఆరేళ్ళుగా ఊరూరా చెప్పుకొచ్చినవాడు, అక్కడ వాకిట్లో నిలబడి తలెత్తి ఆకాశం చూశాడు. నీలంగా ఉంది. కబురు పంపేశాడు. 'పొగ లేదు. ఎండ బాగుంది. నిశ్చింతగా పరుచుకోండి.' ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి వెళ్ళిపోయారు. ఫైర్ వాళ్ళు పొగ లేదని అతని చేత ఇంకో కాగితం రాయించుకుని వెళ్ళిపోయారు. బుల్లెమ్మ అందరికన్నా వెనక ఒక్కత్తే నడిచింది.

"ఆవిడకో మాట చెప్పాల్సింది" అంది సత్యవాణి.

"సాయంత్రం చెప్తాలే."

రెండింటికి పది నిమిషాలుందనగా లెక్క తేలింది. జానకిరామ్ ఒకసారి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడింటికి, ఉరుములతో, గట్టి వాన. పొద్దుటి లెక్కలో ఆ వాన ఎందుకు లేదో అప్పుడర్థమైంది. సాంబ్రాణి ఆపేసింది! పొగ ఎండని ఆపింది, ఎండ లేక నేల కాగలేదు, నేల కాగక సముద్రపు గాలి రాలేదు, గాలి రాక మబ్బు కట్టలేదు. పొగ తీసేసరికి అన్నీ వరసగా తిరిగొచ్చేశాయి. మోడల్ పొద్దున్నా తప్పు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పట్లేదు. దానికి ఏది పీల్పిస్తే దాని లెక్క చెప్పింది. మధ్యలో తప్పు చెప్పింది జానకిరామ్ ఒక్కడే.

మూడో కబురు రాశాడు. పోలేదు. గ్రూపులో అతను మెసేజులు పెట్టకుండా ప్రసన్నకుమార్ గారు అప్పటికే కట్టుదిట్టం చేశారు. ఫోన్ చేస్తే, "ఇంకో మాట మాట్లాడావంటే బాగోదు. గుమ్మడికాయ ఇందాకే కొట్టాను, నన్నింక లేపకు" అని పెట్టేశారు.

చెప్పుల్లేకుండా ఒడ్డుకి పరిగెత్తాడు. ఒడ్డు పొడవునా పాత వలల మీద నెత్తళ్ళు వెండిరేకుల్లా మెరుస్తున్నాయి. ఆడవాళ్ళు నీడన కూర్చుని చద్దన్నం తింటున్నారు.

"ఎత్తెయ్యండమ్మా, ఎత్తెయ్యండి! వానొస్తోంది!"

"పొగబాబు వచ్చేడే" అంది వీరదుర్గ. అందరూ గొల్లున నవ్వారు. ఒక్క పూటలో పేరు కూడా పెట్టేశారు. "పొద్దున్న ఎత్తమన్నారు, ఎత్తేం. మళ్ళీ పరవమన్నారు, పరిచేం. ఇప్పుడు మళ్ళీ ఎత్తాలా? మావి నడుములా, మీ ఇంటి తలుపు గడియలా?"

పైన చూస్తే పడమట చిన్న తెల్లమబ్బు, గుప్పెడంత. అతని మాట వినడానికి అక్కడ ఎవరికీ కారణం లేదు. అప్పుడు, దూరంగా ఒక్కత్తే కూర్చున్న బుల్లెమ్మ లేచి వచ్చింది.

"బాబూ, ఇందాక పరవమన్నది మీరా, పెట్టా?"

"నేనేనండి."

"ఇప్పుడు ఎత్తమంటున్నది?"

"పెట్టేనండి. ఒట్టు. వట్టి గాలే పీల్చి చెప్పింది."

బుల్లెమ్మ కొంగు నడుముకి చుట్టింది. "లేవండే! పెట్టే చెప్పిందంట" అంది. ఎవరూ లేవలేదు. ఆవిడ ఇంక బతిమాలలేదు. తనే వెళ్ళి, వీరదుర్గ పరిచిన వల చివర్లు పట్టుకుని మడిచి, చేపలు గంపలోకి ఎత్తడం మొదలెట్టింది. "నా మాట మీద చేరేరు. పొద్దున్న నా మాట మీదే ఎత్తేరు. మీరు ఎత్తకపోతే నేను ఎత్తుతాను" అంది. అరవై వలలు ఒక్క మనిషి ఎత్తుతానంటే ఎంతసేపని కూర్చుని చూస్తారు? ముందు సిగ్గుపడి ఇద్దరు లేచారు, తరవాత పదిమంది, ఆ తరవాత అందరూ. సత్యవాణి చీర ఎత్తి దోపుకుని గంపల మీద టార్పాలిన్ బరకాలు పరిచింది. జానకిరామ్ గంపలు మోశాడు. మోయడం రాక రెండు ఒలకబోశాడు. అయినా ఎవరూ ఏమీ అనలేదు, అప్పటికి పడమటి మబ్బు నల్లబడి సగం ఆకాశం ఎక్కేసింది.

బుల్లెమ్మ చేపలు ఒడ్డుకి ఆ చివర, సరుగుడు తోట పక్కన ఉన్నాయి. అందరివీ అయ్యాక అటు చూసుకుందామనుకుంది. ఆఖరి గంప మీద బరకం కప్పి ఆవిడ అటు తిరిగేసరికి మొదటి చినుకు పడింది. మూడు గంటల ఒక నిమిషం. ఆరేళ్ళలో మోడల్ అంత కచ్చితంగా చెప్పడం అదే మొదటిసారి. ఆ మాట పైకి అనడానికి జానకిరామ్‌కి నోరు రాలేదు.

వాన ముప్పావుగంట కురిసింది. యాభైతొమ్మిది ఇళ్ళ నెత్తళ్ళు బరకాల కింద పొడిగా ఉన్నాయి. బుల్లెమ్మవి ఇసకలో కలిసిపోయాయి.

వాన వెలిశాక ఆవిడ డాబా మీదికి వెళ్ళింది. జానకిరామ్ వెనకే వెళ్ళాడు. ఆవిడ తడిసిన లేసు తొడుగు తీసి, నీళ్ళు పిండి, మడిచింది. ఆవిడ అరచేతిలో మూకుడు కాల్చిన ఎర్రటి మచ్చ ఉంది. అతను చూశాడు గాని అప్పటికీ అది ఏంటో అతని బుర్రకెక్కలేదు.

"క్షమించండి బుల్లెమ్మగారూ. పొద్దున్న అలా అరిచి ఉండకూడదు నేను. మీ చేపలు..."

"చేపలదేముందండీ, సముద్రం ఎక్కడికీ పోదు. నా మాటైతే పోలేదు కదా" అంది. తొడుగు చంకలో పెట్టుకుని, "నాలుగోసారి అడుగుతున్నాను బాబూ. ఇదేం చేస్తదో ఇప్పుడైనా చెప్తారా?"

చెప్పాడు. గాలి పొగని మోస్తుంది, పొగ ఎండని ఆపుతుంది, ఎండ ఆగితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే వాన ఆగుతుంది, అందుకని ఒకదాన్ని వదిలి రెండోదాని లెక్క వెయ్యకూడదు, ఈ పెట్టె ఏది పీలిస్తే ఊరంతా అదే పీలుస్తోందని కంప్యూటర్ అనుకుంటుంది.

"ఓస్, ఇంతేనా!" అంది బుల్లెమ్మ. "పొగేస్తే చేప మీద ఎండ పడదని మాకు తెలీదేంటండీ? ఈ ముక్క శ్రావణంలోనే చెప్పుంటే సాంబ్రాణి ఇంట్లో దేవుడి దగ్గర వేసుకునేదాన్ని. పెట్టెకి ఓ పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకునేదాన్ని." కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండునని జానకిరామ్‌కి అనిపించింది.

చెప్పడానికి రోజంతా పడుతుందన్నాడు కదా, రెండు నిమిషాలు పట్టింది. చీకటి పడేదాకా మిగిలిన పొద్దంతా, కోళ్ళ మేతకైనా పనికొస్తాయని, సత్యవాణితో కలిసి ముగ్గురూ ఒడ్డున కూర్చుని ఇసకలోంచి నెత్తళ్ళు ఏరడానికి సరిపోయింది.